అమృత సముద్రం, సముద్రం లేని పట్టణం

శంషాబాద్ దగ్గరి ముచ్చింతల్‌లో రామానుజుల 216 అడుగుల విగ్రహం చుట్టూ 108 దివ్యదేశాల నమూనా ఆలయాలు కట్టారు. ఆ నూట ఎనిమిదిలో భూమ్మీద ఉన్నవి 106. మిగిలిన రెండూ పాలకడలి, పరమపదం. ఈ దేహం ఉండగా వాటిని చూడడం కుదరదని వైష్ణవులు చెప్పుకుంటారు. ముచ్చింతల్‌లో ఆ ఇబ్బంది లేదు. టికెట్టు కొని, చెప్పులు బయట వదిలి, వరుసలో నడుస్తూ పోతే పరమపదం కూడా వస్తుంది. 2022 ఫిబ్రవరి 5న ప్రధాని ఆవిష్కరించిన నాటి నుంచి ఎందరో అలా వైకుంఠం చూసి రాత్రి భోజనానికి ఇల్లు చేరుతున్నారు.

శంషాబాద్ పేరుతోనే ఒక క్రైస్తవ మేత్రాసనం ఉందన్న సంగతి మాత్రం హైదరాబాదులో చాలామందికి తెలియదు. 2017 అక్టోబరులో పోప్ ఫ్రాన్సిస్ సీరో మలబార్ సంఘానికి దీన్ని ఏర్పాటు చేశారు. అప్పటికి ఆ సంఘపు ఇతర మేత్రాసనాల కింద లేని భారతదేశమంతా దీని పరిధి అయింది. అండమాన్, లక్షద్వీప్ కూడా అందులోకే వచ్చాయి. దాని తొలి బిషప్ మార్ రాఫెల్ తట్టిల్ 2024 జనవరిలో మొత్తం సీరో మలబార్ సంఘానికే అధిపతి అయ్యారు. ఇంత విస్తారమైన మేత్రాసనానికి విమానాశ్రయం ఉన్న ఊరి పేరు పెట్టడం నాకు సబబుగానే తోస్తుంది. తమ విశ్వాసం అపొస్తలుడైన తోమా నుంచి వచ్చిందని చెప్పుకునే సంఘం ఇది. ఆ తోమా దగ్గరికి తర్వాత వద్దాం.

చావు తర్వాత ఆనందం ఉందని గట్టిగా నమ్మే రెండు సంప్రదాయాలు ఇలా ఒకే ఊరి పేరు పంచుకున్నాయి. సర్వమత సమావేశాల్లో “వాళ్ల పరలోకం, మన వైకుంఠం ఒకటేనండీ, పేర్లే వేరు” అని ఎవరో ఒకరు అనకుండా ఉండరు. మర్యాద కోసం అనే మాటను పట్టుకుని గొడవ పడక్కర్లేదు. అయితే రామానుజుల వైకుంఠ గద్యాన్నీ బైబిలు చివరనున్న ప్రకటన గ్రంథాన్నీ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆ మాట నిలవదు. ఇంకో విషయం కూడా బయటపడుతుంది. మన తెలుగు క్రైస్తవులు చావింట్లో పాడుకునే పరలోకం ప్రకటన గ్రంథం కన్నా వైకుంఠ గద్యానికే దగ్గరగా ఉంటుంది.

ముందు గద్యం సంగతి. శరణాగతి, శ్రీరంగ, వైకుంఠ గద్యాలు మూడింటినీ కలిపి గద్యత్రయం అంటారు. శ్రీభాష్యంలో ప్రతిపక్షాన్ని ఒక్కో మెట్టూ కిందికి దించుతూ వాదించిన మనిషి ఇక్కడ వాదన పూర్తిగా కట్టిపెట్టారు. బ్రహ్మాండానికి అవతల ఉన్న లోకాన్ని కళ్లముందు నిలబెట్టడమే పని. తోటలు, వాటిలో మండపాలు, తామర కొలనులు, పక్షుల కూతలు, నిత్యసూరులు, శేషతల్పం, దానిమీద శ్రీభూనీళలతో నారాయణుడు. సమాసం మీద సమాసం పేర్చుకుంటూ పోతుంటే చదివేవాడికి ఊపిరి తీసుకునే చోటు దొరకదు. వేరే రచయిత ఇలా రాస్తే అలంకారాల సంత అనిపించేది. ఇక్కడ అలా అనిపించదు, ఎందుకంటే ఈ వర్ణన మధ్యలో ఒక చిన్న మనిషి ఉన్నాడు. స్వామిని ఎప్పుడు కళ్లారా చూస్తాను, ఎప్పుడు ఆ పాదాలు తలమీద పెట్టుకుంటాను, చల్లని చూపుతో చూసి ఎప్పుడు నన్ను సేవకు పురమాయిస్తాడు అని తహతహలాడుతుంటాడు. తీరా చేరాక దూరంగానే సాగిలపడి, భయంతో వినయంతో వంగిపోయి, చేతులు జోడించి నిలబడిపోతాడు. స్వామే నవ్వుతూ పిలుస్తాడు. పాదాలు తలమీద ఉంచుతాడు. అప్పుడు ఈ జీవుడు ఒళ్లంతా అమృత సముద్రంలో మునిగినవాడై సుఖంగా ఉంటాడు. గద్యం అక్కడితో ఆగిపోతుంది.

దేవుడి ఎదుట నిలబడిన జీవుడి బెరుకును ఇంత దగ్గరగా పట్టుకున్న రచన ప్రకటన గ్రంథంలో ఎంత వెతికినా దొరకదు. సేవకులు దేవుడి ముఖం చూస్తారని ఆ గ్రంథం రాసిన యోహాను ఒక్క ముక్కలో చెప్పేసి ముందుకు సాగిపోతాడు. యోహాను చూపు ఒక్క మనిషి మీద ఎక్కువసేపు నిలవదు, ఎక్కువగా జనసమూహం మీదే ఉంటుంది. ముఖాముఖి ఆనందం కావాలనుకునే పాఠకుడికి రామానుజులే పెద్ద కవి. పైగా ఇదంతా చచ్చాక జరిగేదని వదిలేయకుండా, బతికుండగానే రోజూ ధ్యానించవలసిన దృశ్యంగా గద్యం అందిస్తుంది. ఆశ రేపటిదే అయినా రుచి ఇవాళ్టిది.

యోహాను పత్మాసు అనే ద్వీపంలో ప్రవాసిగా ఉండి రాశాడు. రోమా సామ్రాజ్యం ఆయన్ని సముద్రం మధ్య పడేసింది. తన నూతన ఆకాశం, నూతన భూమి గురించి చెప్పడం మొదలుపెట్టగానే, ఇక సముద్రం లేదంటాడు. పాత వ్యాఖ్యాతలు ఆ సముద్రాన్ని అల్లకల్లోలానికీ చెడుకూ గుర్తుగా తీసుకున్నారు. అది నిజమే కావచ్చు. నాకు మాత్రం నలువైపులా నీళ్లు తప్ప ఏమీ కనిపించని ఖైదీ మాట ముందు వినిపిస్తుంది. రామానుజుల సుఖం సముద్రంలో మునగడంతో పూర్తవుతుంది. యోహాను సుఖం సముద్రం ఎండిపోవడంతో మొదలవుతుంది. ఇద్దరి నీళ్లూ వేరని, ఒకటి అమృతమని, ఒకటి ఉప్పునీరని పండితులు అడ్డుపడవచ్చు. కానీ ఒకరు తనను తాను మరిచిపోయేంతగా మునగాలని కోరుకుంటే, మరొకరు తనను తనవాళ్ల నుంచి విడదీసినది పోవాలని కోరుకున్నారు. ఆ తేడా నీళ్ల రుచితో తీరేది కాదు.

తేడా అంతటితో ఆగదు. వైకుంఠానికి జీవుడు పైకి వెళ్లాలి. అర్చిరాది మార్గంలో వెలుగు నుంచి వెలుగుకు సాగి, విరజా నది దగ్గర సూక్ష్మశరీరాన్ని కూడా వదిలి, ఆవలి ఒడ్డున అప్రాకృతమైన దివ్యదేహం పొందుతాడు. వెళ్లినవాడు తిరిగి రాడు. ప్రకటనలో ప్రయాణం అటు నుంచి ఇటు. నూతన యెరూషలేము ఆకాశం నుంచి కిందికి దిగి వస్తుంది. దేవుడే మనుషుల మధ్య కాపురం పెట్టడానికి వస్తాడు. ఆ పట్టణంలోనూ నది ఉంది కానీ దాన్ని ఎవరూ దాటరు. అది వీధి మధ్యలో పారుతుంది, రెండు ఒడ్డుల మీదా చెట్లు ఉంటాయి, వాటి ఆకులు జనాలకు మందు. పట్టణం ఒక్కో వైపు 12,000 స్టాడియాలు, అంటే దాదాపు 2,200 కిలోమీటర్లు. గోడ 144 మూరలు. పన్నెండు గుమ్మాలు, ఒక్కదానికీ తలుపు వేయరు. రాజులు తమ వైభవాన్ని లోపలికి తెస్తారు. ఇన్ని కొలతలు చెప్పిన యోహాను, ఆ పట్టణంలో దేవాలయం తనకు కనబడలేదంటాడు. దేవుడు అక్కడే ఉన్నాక గుడి ఎందుకన్నది ఆయన లెక్క. 108 గుడుల మధ్య నిలబడి ఈ వాక్యం తలుచుకుంటే రెండు ఊహలూ ఎంత ఎడంగా నిలబడ్డాయో తెలుస్తుంది. వైకుంఠం శ్రీరంగం లాంటి ఆలయానికి పరాకాష్ఠ. నూతన యెరూషలేము వీధులూ గుమ్మాలూ రాకపోకలూ ఉన్న ఊరు. అందం విషయంలో గద్యమే పైచేయి అని ఒప్పుకుంటాను. యోహాను బంగారం, వజ్రవైడూర్యాల జాబితా కొంతసేపటికి నగల దుకాణం పద్దులా అనిపిస్తుంది.

ఇక తోమా. యేసు లేచాడని మిగతా శిష్యులు చెబితే నమ్మలేదు. మేకుల గుర్తుల్లో వేలు పెట్టి చూస్తే గాని ఒప్పుకోనన్నాడు. సువార్త ప్రకారం, లేచిన దేహానికి ఆ గాయాలు అలాగే ఉన్నాయి. మామూలుగా తోమాను అనుమానానికి ఉదాహరణగా చెబుతారు గానీ ఆయన అడిగింది న్యాయమైన ప్రశ్న. చంపబడినవాడే లేచాడా, లేక వాడి స్థానంలో మచ్చలేని వేరే ఎవరైనా వచ్చారా? క్రైస్తవ విశ్వాస ప్రమాణం ఆత్మ అమరత్వంతో సరిపెట్టుకోకుండా శరీర పునరుత్థానం దాకా వెళ్లడానికి కారణం ఈ ప్రశ్నలోనే ఉంది. వైకుంఠంలో జీవుడికి వచ్చే దేహం ఏ మచ్చా లేనిది, ఇక్కడి దేహంతో దానికి పని లేదు. తోమా ముందు నిలబడిన దేహం ఇక్కడ దెబ్బతిన్నదే. సీరో మలబార్ సంఘంలో వాడే మార్ తోమా సిలువ మీద యేసు బొమ్మ ఉండదు. సిలువ అడుగున తామర రేకులు, పైన పావురం. చనిపోయినవాడు సిలువ మీద లేడు, లేచాడు అని వాళ్లు దానికి అర్థం చెబుతారు. తామర పువ్వును చూసి వైకుంఠం గుర్తుకు రావడం సహజం. ఆ పోలిక పువ్వు దగ్గరే ఆగుతుంది.

దేహం మీద ఈ పట్టుదల ఎందుకో అర్థం కావాలంటే విమానాశ్రయంలో ప్రయాణికుల టెర్మినల్ వదిలి కార్గో వైపు వెళ్లాలి. 2008 మార్చిలో ఈ విమానాశ్రయం తెరిచిన నాటి నుంచి గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కూలీల శవపేటికలు ఇక్కడే దిగుతున్నాయి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు నుంచి వచ్చిన బంధువులు కాగితాలు పట్టుకుని బయట ఎదురుచూస్తారు. ఒక్కోసారి ఆ దేహం రావడానికి వారాలు, నెలలు పడుతుంది. ఆత్మ ఎప్పుడో వెళ్లిపోయిందని ఎవరు చెప్పినా ఆ ఇంట్లోవాళ్లు ఊరుకోరు. ఆ మనిషి ముఖం చూడాలి. హిందువైనా, ముస్లిమైనా, క్రైస్తవుడైనా ఆ పట్టుదల ఒకటే.

ప్రకటన గ్రంథం 18వ అధ్యాయంలో బబులోను అనే మహానగరం కూలిపోతుంది. తమ సరుకు ఇక కొనేవాడు లేడని వర్తకులు ఏడుస్తారు. యోహాను ఆ సరుకుల పేర్లు వరుసగా చెబుతాడు. బంగారం, వెండి, ముత్యాలు, పట్టు, దంతం, ఇత్తడి, దాల్చిన చెక్క, ధూపం, ద్రాక్షారసం, నూనె, గోధుమలు, పశువులు, గుర్రాలు, రథాలు. చిట్టచివర మనుషులు, మనుషుల ప్రాణాలు. సరుకుల పద్దు రాస్తున్నట్టే రాసి ఆఖరి అంశంగా మనిషిని పెట్టడంలో ఉన్న కోపం వైకుంఠ గద్యంలో ఎక్కడా లేదు. ఉండవలసిన అవసరమూ లేదు, ఎందుకంటే గద్యంలో జీవుడి దుఃఖానికి కారణం అతని కర్మ, అతని అహంకారం. ప్రకటనలో మనుషుల దుఃఖానికి కారణం చాలావరకు ఇంకొకడు. అందుకే మూడు అధ్యాయాల తర్వాత దేవుడు ప్రతి కన్నీటి బొట్టునూ తుడుస్తాడన్నప్పుడు ఆ కన్నీళ్లు ఎక్కడివో పాఠకుడికి తెలిసే ఉంటుంది. రామానుజుల ఆనందం సేవ. యోహాను ఆనందంలో సేవతోపాటు తీర్పు కూడా ఉంది.

ఇక్కడ వైష్ణవ పాఠకుడు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. రామానుజులకు న్యాయం పట్టలేదంటారా అని అడుగుతాడు. గురువు రహస్యంగా చెప్పిన మంత్రాన్ని తిరుక్కోష్టియూర్ గోపురం ఎక్కి అందరికీ వినిపించి, తాను నరకానికి పోయినా ఇంతమంది తరిస్తే చాలన్నారని సంప్రదాయం చెప్పుకునే కథ ఉంది కదా? మేల్కోటలో గుడి బయట ఉంచిన కులాల వారికి ప్రవేశం ఇప్పించారంటారు కదా? ముచ్చింతల్ విగ్రహానికి సమతామూర్తి అని పేరు పెట్టింది వీటిని తలుచుకునే. క్రైస్తవం వైపు దీనికి సరితూగేవాడు పౌలు. రోమీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయంలో, తన జాతివాళ్ల కోసం తాను క్రీస్తు నుంచి వేరుపడి శాపగ్రస్తుణ్ణి కావడానికైనా సిద్ధమన్నంత మాట అంటాడు. తన మోక్షాన్ని ఇతరుల కోసం పణంగా పెట్టడంలో ఇద్దరూ ఒక్క చోటే నిలబడ్డారు. ఈ రెండు సంప్రదాయాల మధ్య నిజమైన దగ్గరితనం నాకు ఇక్కడే కనిపిస్తుంది, పరలోక వర్ణనల్లో కాదు.

కానీ ఒక తిరకాసుంది. రామానుజుల సమత ఆయన జీవిత కథలో ఉంది, ఆయన వైకుంఠ గద్యంలో లేదు. గద్యంలో జీవుడు ఒక్కడే వస్తాడు, వెంట ఊరివాళ్లెవరూ ఉండరు. క్రైస్తవులది దీనికి తలకిందులు. సమత వాళ్ల పరలోకంలో రాసిపెట్టి ఉంది, ప్రతి జనం, ప్రతి భాష అక్కడ ఉంటాయి. సంఘంలో మాత్రం అది ఎన్నో తరాలు రాలేదు. తెలుగునాట క్రైస్తవుల్లో అత్యధికులు దళితులు. అయినా భారతదేశంలో తొలి దళిత కార్డినల్‌గా హైదరాబాద్ ఆర్చిబిషప్ పూల అంథోనీ నియమితులయ్యే సరికి 2022 ఆగస్టు వచ్చింది. తోమా మన దేశానికి మొదటి శతాబ్దంలోనే వచ్చాడని నమ్మేవాళ్లు ఆ లెక్క తామే వేసుకోవచ్చు.

తెలుగు పాట దగ్గరికి వస్తే, పురుషోత్తమ చౌదరి (1803–1890) పేరు చెప్పకుండా కుదరదు. పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం తీసుకుని, తెలుగులో క్రైస్తవ కీర్తనకు బాట వేసినవాడు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే కీర్తన తలమీద రాగం, తాళం ఉంటాయి. పరాయి బాణీలు అరువు తెచ్చుకోకుండా మన కీర్తన పద్ధతిలోనే యేసును పాడుకోవడం ఆ తరం చేసిన గొప్ప పని. అయితే కీర్తన అచ్చు ఖాళీగా రాదు. శరణాగతి, భవసాగరం దాటడం, ఈ లోకం అశాశ్వతమని తలచడం, పాదసేవ కోరడం, ఇవన్నీ ఆ అచ్చుతోనే వస్తాయి. మరోవైపు మిషనరీలు తెచ్చి అనువదించిన విదేశీ పాటల్లో విశ్వాసి యాత్రికుడు, మరణం యొర్దాను నది, పరలోకం అవతలి ఒడ్డు. విరజ ఒక పక్క నుంచి, యొర్దాను ఇంకో పక్క నుంచి వచ్చి తెలుగు పాటలో కలిసిపోయాయి. ఫలితంగా మన పరలోక గీతాల్లో ఎక్కువ భాగం దాటడం గురించీ, వదిలిపోవడం గురించీ, చేరడం గురించీ ఉంటాయి. దిగి వచ్చే పట్టణం అరుదుగా వినిపిస్తుంది. వీధి, గుమ్మం, చెట్టు ఆకుల వైద్యం, రాజులు తెచ్చే వైభవం ఇంకా అరుదు. రాకడ పాటలు లేవని కాదు, బోలెడు ఉన్నాయి. వాటిలో కూడా యేసు వచ్చేది ఎక్కువగా మనల్ని తీసుకుపోవడానికే.

దీన్ని తప్పనడం తేలిక. రాత్రంతా శవం పక్కన కూర్చుని, డోలక్ మీద తాళం వేస్తూ, గొంతులు బొంగురుపోయేదాకా పాడేవాళ్లు ఎవరో గుర్తుంటే అంత తేలిగ్గా అనలేం. ఈ భూమ్మీద సెంటు భూమి లేనివాడికి ఇది అద్దె ఇల్లు, అసలు ఇల్లు పైన ఉంది అనే పాట గొప్ప ఊరట. ఆ ఊరట అబద్ధం కాదు, గద్యంలోని జీవుడి తహతహ అబద్ధం కానట్టే. కానీ భూమిని వదిలిపోయే పాట దాన్ని ఆక్రమించుకున్నవాడికి ఏ ఇబ్బందీ కలిగించదు. యోహాను రాత ఇబ్బంది కలిగించింది.

ఈ లోటును మరో దిక్కు నుంచి చూసిన కవి జాషువా (1895–1971). వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, అంటరానితనం రెండు మతాల నీడలోనూ చవిచూసినవాడు. ఆయన ‘శ్మశానవాటి’ పద్యాలు హరిశ్చంద్ర నాటకం ద్వారా అక్షరం రానివాళ్ల నోళ్లలోకి కూడా ఎక్కాయి. ఆ పద్యాల్లో కవి, చక్రవర్తి, ముత్తయిదువ, చిత్రకారుడు అందరూ ఒకే బూడిదలో కలుస్తారు. అంటరానితనానికి చోటులేని ఒకే ఒక్క స్థలం శ్మశానం. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న కవి, తనకు బాగా తెలిసిన పునరుత్థానాన్ని ఆ శ్మశానంలోకి తీసుకురాలేదు. నాకు అది విశ్వాసలోపంలా కనిపించదు. చచ్చాక వచ్చే సమానత్వాన్ని చూపించి బతికున్నవాళ్లను సిగ్గుపడేలా చేయడమే ఆయన ఉద్దేశం. అక్కడ ఓదార్పు ఇస్తే ఆ సిగ్గు కరిగిపోతుంది. కీర్తనల్లో ఆనందం ఉంది, లెక్క అడగడం లేదు. జాషువా శ్మశానంలో లెక్క అడగడం ఉంది, ఆనందం లేదు. రెండూ కలిసి ఉన్న పాఠం మాత్రం ప్రతి క్రైస్తవుడి ఇంట్లో, నల్ల అట్ట బైబిలు చివర, ఎక్కువగా అంకెల జోస్యాలకూ మృగం ముద్ర భయాలకూ వాడకంలో ఉంది.

చనిపోయిన కొన్నాళ్లకు జరిపే ఆదరణ కూడికల్లో పాస్టర్లు తరచుగా ప్రకటన గ్రంథం 21వ అధ్యాయం తెరిచి, కన్నీళ్లు తుడిచే వాక్యం చదివి మూసేస్తారు. ఆ వాక్యానికి బలం వెనకటి అధ్యాయాల నుంచి వచ్చింది. కొడుకు దేహం కార్గోలో వచ్చిన ఇంట్లో కూడిక జరుగుతుంటే 18వ అధ్యాయం ముందు చదవాలి. సరుకుల పేర్లన్నీ, ఒక్కటీ వదలకుండా, చివరి అంశం దాకా.